మాంసములో మోసము - రైతు సహకారము

గొఱ్ఱె మాంసమని చెప్పి వేరు మాంసమమ్మినచో, కొన్నవారితోపాటు మన సిద్దిపేట జిల్లాలో జీవాలు పెంచు రైతు కూడ గిరాకి తగ్గి నష్టపడును.

ముక్కలు కోసిన పిమ్మట ఏ జంతువుదో కంటితో పోల్చుట కష్టము. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ డి.ఎన్.ఏ. పరీక్షతో దానిని తేల్చగలదు.

అనుమానము కలిగినచో:

1. తగవు పెట్టుకొనక, కొన్న చోటు, తేదీ వ్రాసి, రసీదుతో ఆహార భద్రతాధికారికి తెలుపుడు.

2. ఆయన నమూనాను నాలుగు భాగములు చేసి సీలు వేయును. విశ్లేషకుడు 14 దినములలో నివేదిక పంపవలెను.

3. 2006 నాటి ఆహార భద్రతా చట్టము 40వ సెక్షను ప్రకారము మీరును రుసుము కట్టి పరీక్ష చేయించవచ్చును. అయితే కొనునపుడే ఆ సంగతి అమ్మువానికి చెప్పవలెను. మోసము తేలినచో రుసుము తిరిగి వచ్చును.

నివేదిక రానిదే ఎవరిని నిందింపరాదు.