మైదానం నుండి ముంగిలికి

ప్రక్రియ : వ్యాసం

ఉద్దేశం : ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలను సామాన్యుడు మూల్యం చెల్లించకుండా తన ఇంటి నుండే చూడగలగడం వెనుక ఉన్న సాంకేతిక, న్యాయ, ఆర్థిక విషయాలను తెలుసుకోవడం, ‘ఉచితం’ అనే మాటను విచక్షణతో అర్థం చేసుకోవడం.

పాఠ్యభాగం

కురుక్షేత్ర సంగ్రామం జరిగినప్పుడు ధృతరాష్ట్రుడు హస్తినాపురంలోనే ఉన్నాడు. వ్యాసుని అనుగ్రహంతో దివ్యదృష్టి పొందిన సంజయుడు యుద్ధ విశేషాలను ఆయనకు వినిపించాడు. దూరాన జరిగే ఘట్టాన్ని ఉన్నచోటి నుండే తెలుసుకోవాలనే కోరిక మానవునికి ఎంత ప్రాచీనమైనదో ఈ కథ తెలుపుతుంది. అయితే ఆ భాగ్యం రాజుకు దక్కింది. కుమారులను యుద్ధానికి పంపి ఇళ్లలో నిరీక్షించిన సామాన్య తల్లిదండ్రులకు ఏ సంజయుడూ లేడు. దూరదృశ్యాన్ని చూసే భాగ్యం ఎవరికి చెందాలి? రాజుకా, మూల్యం చెల్లించగలవారికా, అందరికా? నేటి క్రీడా ప్రసారాల విషయంలోనూ ఇదే ప్రధానమైన ప్రశ్న.

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు 1930లో ఉరుగ్వే దేశంలో ఆరంభమయ్యాయి. తొలినాళ్లలో మైదానానికి వెళ్లినవారే ఆటను జరుగుతున్నప్పుడు కన్నులారా చూడగలిగారు. తక్కినవారికి పత్రికలు, రేడియోలే ఆధారం. 1954లో స్విట్జర్లాండ్‌లో జరిగిన పోటీలు తొలిసారిగా టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. 1970లో మెక్సికో పోటీలు రంగులలో ప్రసారమయ్యాయి. అయినప్పటికీ నాడు అనేక గృహాలలో నలుపు తెలుపు టెలివిజన్లే ఉండేవి. అందుచేత ఆ పోటీలకు 12 నల్లని పంచభుజాలను, 20 తెల్లని షడ్భుజాలను కలిపి కుట్టిన బంతిని వాడారు. చిన్న తెరపై బంతి కదలిక స్పష్టంగా కనిపించాలన్నదే అందులోని ఆంతర్యం. ఆ బంతికి ‘టెల్‌స్టార్’ అని పేరు. ఆ విధంగా ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు మైదానంలోని బంతి రూపాన్నే మార్చివేశాడు!

చూడటానికి నోచుకోని ఆట ఏమవుతుందో తెలియాలంటే మన హైదరాబాదు చరిత్రనే స్మరించాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించింది. ఆ విజేతలలో సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం ఉన్నాడు; హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నాడు. 1959లో ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగాత్మకంగా ఆరంభమైనా, అది అప్పటికి దేశమంతటా విస్తరించలేదు. కనుక ఆ విజయాలను తెలుగు ప్రజలు వార్తలుగా విన్నారే గాని దృశ్యాలుగా చూడలేదు.

1986లో మెక్సికో ప్రపంచ కప్‌ను దూరదర్శన్ మన ఇళ్లకు చేర్చింది. ఇంగ్లండు ఆటగాళ్లను ఒకరి తరువాత ఒకరిని తప్పించుకుంటూ మారడోనా చేసిన గోలును చూసినవారు మరువలేదు. టెలివిజన్ ఉన్న ఇంటి వాకిట వీధి అంతా గుమిగూడే రోజులవి. ఎక్కడో అర్జెంటీనాలో పుట్టిన ఆటగాడు మన పల్లె పిల్లలకు సైతం పరిచితుడయ్యాడు. మన సికింద్రాబాదు బలరాం మాత్రం మనకే అపరిచితుడుగా మిగిలాడు. ప్రతిభలోని తారతమ్యమే దీనికి కారణమని అనలేం. జనులు కలిసి చూసినది జ్ఞాపకమవుతుంది. చూడనిది క్రమంగా మరుగున పడుతుంది. అందుకే ఆటను ఎందరు చూడగలరన్నది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు.

1990ల నాటికి ఉపగ్రహ టెలివిజన్ వచ్చింది. ప్రసార హక్కులు అమూల్యమైన సరుకులయ్యాయి. గాలిలో ప్రయాణించే తరంగాలు ఎవరి సొత్తు అనే వివాదం ఒక క్రికెట్ పోటీ కారణంగా సుప్రీంకోర్టుకు చేరింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అవి ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండరాదని, ప్రజాహితం కోసం వాటి వినియోగాన్ని నియంత్రించాలని పేర్కొంది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు.

2007లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసింది. జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రభుత్వం ప్రకటించిన క్రీడా పోటీల ప్రత్యక్ష ప్రసారాన్ని, హక్కులు కొన్న సంస్థ తన ప్రకటనలు తొలగించి ప్రసార భారతికి అందించాలి. ప్రకటనల ద్వారా వచ్చిన ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకు, 25 శాతం ప్రసార భారతికి చెందుతాయి. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ వంటి ముఖ్యమైన పోటీలు కూడా ఈ జాబితాలో చేరాయి. అయితే ఈ సౌకర్యం దూరదర్శన్ భూతల ప్రసారాలకు, నెలసరి చందా లేని దాని ఫ్రీ డిష్‌కు పరిమితమని, ప్రైవేటు కేబుల్ ద్వారా ఆ ప్రసారాన్ని అందించరాదని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇటువంటి ఏర్పాటు మన దేశానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో 1996 నాటి ప్రసార చట్టం ప్రకారం ప్రపంచ కప్ పోటీలు చందా లేని ఛానళ్లలో లభించాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, ఐరోపా సమాఖ్య యూఈఎఫ్ఏ దీనిని సవాలు చేశాయి. పోటీలన్నిటినీ ఈ జాబితాలో చేర్చడం తమ ఆస్తిహక్కుకు భంగమని వాదించాయి. 2013లో ఐరోపా న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. సమాజానికి విశేష ప్రాముఖ్యం గల ఘట్టాలను విస్తృత ప్రజానీకం చూడగలగడం కోసం ఆస్తిహక్కుకు కొంత పరిమితి విధించవచ్చని అంగీకరించింది.

ఇటీవలి కాలంలో ఆట టెలివిజన్‌ను దాటి అరచేతిలోని ఫోనుకు చేరింది. మైదానంలోని దృశ్యాన్ని కొన్ని సెకన్ల నిడివి గల చిన్న ముక్కలుగా విభజించి, అంతర్జాలం ద్వారా పంపుతారు. ఫోను వాటిని ముందుగా కొంత నిల్వ చేసుకొని, వరుసగా కూర్చి చూపుతుంది. నెట్ వేగం తగ్గితే దృశ్య స్పష్టతను తగ్గించుకుంటుంది. ఈ ప్రక్రియకు కొంత సమయం పడుతుంది. అందుకే పక్కింటి టెలివిజన్ ముందు ‘గోల్’ అనే కేక వినిపించినప్పుడు మన ఫోనులో బంతి ఇంకా మైదానం నడుమనే ఉంటుంది!

2022లో ఖతర్‌లో జరిగిన ప్రపంచ కప్‌ను మన దేశంలో జియో సినిమా చందా లేకుండా చూపించింది. డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3తో సమంగా నిలిచాయి. పెనాల్టీలలో అర్జెంటీనా 4-2తో గెలిచింది. ఆ ఫైనల్‌ను 3 కోట్ల 20 లక్షల మంది తమ వేదికపై చూశారని ఆ సంస్థ ప్రకటించింది. 2025లో ఆ వేదిక మరొక వేదికతో కలిసి జియోహాట్‌స్టార్‌గా మారింది.

ఇక్కడ విద్యార్థులు ఒక భేదాన్ని గుర్తించాలి. వ్యాపార సంస్థ ఉచితంగా చూపడం దాని ఇష్టం. చట్టం ప్రకారం చూడగలగడం ప్రజల హక్కు. ప్రేక్షకులను ఆకర్షించడానికి నేడు ఉచితంగా ఇచ్చిన సంస్థ రేపు చందా కోరవచ్చు. అది తప్పు కాదు, వ్యాపార ధర్మం. కాని హక్కు అట్లా మాయమైపోదు. 2007 నాటి చట్టం భూతల ప్రసారాలను, డి.టి.హెచ్.ను పేర్కొన్నదే గాని అంతర్జాల ప్రసారాన్ని పేర్కొనలేదు. చూపులు ఫోను వైపు మళ్లుతున్న కొద్దీ ఈ లోటు పెద్దదవుతుంది.

‘ఉచితం’ అన్నది సైతం పూర్తిగా ఉచితం కాదు. బ్రిటన్‌లో బీబీసీ ప్రసారాలకు ప్రజలు ఏటా రుసుము చెల్లిస్తారు. మన దగ్గర ప్రకటనదారులు చెల్లిస్తారు. ఆ భారం వస్తువుల ధరలో చేరి తిరిగి మనమీదే పడుతుంది. ఫోనులో చూసేవారు డేటాకు చెల్లిస్తారు. తమ అభిరుచుల సమాచారాన్ని కూడా తెలియకుండానే సమర్పిస్తారు. అనుమతి లేని వెబ్‌సైట్లలో చూసేవారు చట్టాన్ని అతిక్రమించడమే గాక, హానికరమైన సాఫ్ట్‌వేర్‌ను తమ ఫోనులోకి తామే ఆహ్వానించే ప్రమాదం ఉంది. మూల్యం లేని చూపు లేదు. ఆ మూల్యాన్ని ఎవరు, ఏ రూపంలో చెల్లిస్తున్నారో తెలుసుకోవడమే వివేకం.

ఒక బంతి, కొంత ఖాళీ స్థలం ఉంటే ఆడగలిగిన ఆట ఫుట్‌బాల్. పేదల వాడలలో పెరిగిన మారడోనా వంటివారు దానిని మహోన్నత స్థాయికి చేర్చారు. అటువంటి ఆటను చూడటానికి ధనమే అర్హత అయితే, రేపటి బలరాం కాగల బాలుడు ఆ తెర వెలుపలనే నిలిచిపోతాడు. రాజమందిరంలో వినిపించిన సంజయుని పలుకు వాడవాడలా వినిపించినప్పుడే విజ్ఞానం సాధించిన విజయానికి సార్థకత.

కఠిన పదాలకు అర్థాలు

ముంగిలి : ఇంటి ముందరి భాగం, వాకిలి
ఆంతర్యం : లోపలి ఉద్దేశం
తారతమ్యం : హెచ్చుతగ్గులు, భేదం
గుత్తాధిపత్యం : ఒకరికే చెందిన పూర్తి అధికారం
సార్థకత : ప్రయోజనం నెరవేరడం

ప్రశ్నలు

అ) ఒక్కొక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. ప్రపంచ కప్ పోటీలు తొలిసారిగా టెలివిజన్‌లో ఎప్పుడు ప్రసారమయ్యాయి?
2. ‘టెల్‌స్టార్’ బంతిని నలుపు తెలుపు రంగులలో ఎందుకు రూపొందించారు?
3. 1962 ఆసియా క్రీడలలో భారత జట్టుకు శిక్షకుడు ఎవరు?

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పక్కింటి ‘గోల్’ కేక ముందుగా ఎందుకు వినిపిస్తుంది?
2. ‘మూల్యం లేని చూపు లేదు’ – వివరించండి.

ఇ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. సంస్థ ఇష్టంతో లభించే ఉచిత ప్రసారానికి, చట్టం వల్ల లభించే ఉచిత ప్రసారానికి గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.