పగడం ముక్క అంటించబోయే ముందు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం, తొట్టె ఫొటోలు చేరాయి. సముద్రానికి అంత దూరాన ఉన్న సాలూరులో, లారీ బాడీలు కట్టే షెడ్డు పక్క గదిలో ఉప్పునీటి తొట్టె పెట్టి, చేపల్ని ఏడాదిగా బతికించుకుంటూ వచ్చావంటే నీకు ఓపిక ఉన్నట్టే. ఇప్పుడు పగడాలు పెంచుతానంటూ, ముక్కల్ని రాయికి ఏ జిగురుతో అంటించాలని అడిగావు. జిగురు సంగతి చెబుతాను. కానీ జిగురు కాపాడేది కొన్నాళ్లే. ఆ తర్వాత రాయిని పట్టుకోవలసింది పగడమే. దాని కండ మెల్లగా పాకి రాతి మీదికి ఎక్కాలి. అందాకా ముక్క కదలకుండా చూడటమే నీ వంతు. కింద రాసేవన్నీ ఆ ఒక్క పని కోసమే.

ముందు ఏ పగడమో తేల్చుకో. రామేశ్వరం వైపు నుంచి కొమ్ముల పగడం చవగ్గా తెప్పిస్తానని ఎవరో అన్నారని రాశావు. ఆ బేరం వద్దు. దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూల్లోనే. నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, ఎక్కువైతే 7 ఏళ్లు జైలు. చచ్చిన ముక్క కదా, అలంకారానికి పెట్టుకున్నాను అంటే చెల్లదు. ఆ రామేశ్వరాన్ని ఆనుకుని ఉన్న మన్నార్ సింధుశాఖలోనే తూత్తుకుడికి చెందిన సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు 2002 నుంచి పగడపు ముక్కల్ని సిమెంటు పలకలకు కట్టి, సముద్రం అడుగున దిబ్బల్ని మళ్లీ పెంచుతున్నారు. వాళ్లు చేసేదీ కదలకుండా కట్టి, పట్టు చిక్కేదాకా ఆగడమే. ఒకవైపు వాళ్లు ముక్క ముక్కా కడుతుంటే ఇంకొకవైపు విరగ్గొట్టి అమ్మేవాడికి మన డబ్బెందుకు?

నీకు మెత్తని రకాలు చాలు. జోవాంథిడ్లు, మష్రూములు, లెదర్ పగడాలు ఆ జాబితాలో లేవు, కొత్తవాళ్ల చేతిలో కాస్త తట్టుకుంటాయి కూడా. తొట్టెలో పెంచి కోసిన ముక్కలే కొను. బిల్లు అడిగి తీసుకుని జాగ్రత్త పెట్టు.

ఇక నీళ్లు. ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. మే నెల ఎండలకి మూత తీసి నీటి మీదికి ఫ్యాను తిప్పు. ఫ్యాను గాలికి నీరు ఆవిరైపోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. అందుకని తగ్గినంత మేర ఆర్వో నీళ్లే పొయ్యి, ఉప్పు కలపకు. బోరు నీళ్లు వద్దు. మీ అమ్మ రాగి బిందెలో పట్టి ఉంచే నీళ్లు అసలే వద్దు. మనకి మంచిదనుకునే ఆ రాగే పగడాలకి, నత్తలకి విషం. షెడ్డులో స్ప్రే పెయింటు కొట్టే రోజున ఎయిర్ పంపు ఆ గాలి పీల్చకుండా తొట్టె గది తలుపులు వేసి ఉంచు.

అంటించే పద్ధతి ఇది. ముందు రాళ్లు ఊగకుండా కూర్చున్నాయో లేదో చూసుకో. రాయే కదిలితే ముక్క నిలవదు. వీలైతే రాయిని బయటికి తీసి, ముక్క పెట్టే చోట పాచి, జిగట పోయేలా పాత టూత్ బ్రష్షుతో రుద్దు. తుప్పు గీకకుండా రేకు మీద పుట్టీ పెడితే ఎన్నాళ్లుంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ముక్క అడుగుభాగాన్ని టిష్యూతో అద్ది తడి లాగెయ్. సూపర్ గ్లూ జెల్ రకమే తీసుకో, పల్చటిది కారిపోతుంది. శనగగింజంత పెట్టి, రాతికి ఆనించి, కొంచెం తిప్పుతూ నొక్కు. ఆ తిప్పడం మరిచిపోకు. నీళ్లు తగలగానే జిగురు మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర చిట్లి లోపలి పచ్చి జిగురు రాతికి తగిలితేనే పట్టు. అరనిమిషం వేలు తియ్యకు. కాసేపు పంపులు ఆపు.

రాయి గుంటలు గుంటలుగా ఉంటే రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ వాడు. తొట్టెలకి పనికొస్తుందని పొట్లం మీద రాసి ఉన్నదే కొను. రాతికీ ముద్దకీ మధ్య కాస్త జిగురు, ముద్దకీ పగడానికీ మధ్య కాస్త జిగురు పెడితే నిలుస్తుంది. ఎక్కువ వాడితే, నీళ్లలో మురికిని నురగగా తీసే స్కిమ్మర్ ఒకటి రెండు రోజులు నురగ పొంగిస్తుంది, కంగారు పడకు.

మష్రూములకి, లెదర్‌కి జిగురు పట్టదు. వాటి ఒంటి మీద జిగట ఊరుతూనే ఉంటుంది. లెదర్ ముక్కని చిన్న రాయి మీద పెట్టి, కోసుకుపోనంత వదులుగా రబ్బరు బ్యాండు వెయ్యి. మష్రూముల్ని ఒక చిన్న గిన్నెలో రాతి పలుకుల మీద పరిచి, పైన దోమతెర గుడ్డ కట్టి, నీటి ఒరవడి తక్కువున్న మూల ఉంచు. ఒకటి రెండు వారాల్లో ఏదో ఒక పలుకుని అవే పట్టుకుంటాయి. అప్పుడు ఆ పలుకుని రాయికి అంటించు. పగడాన్ని ముట్టుకునే అవసరమే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట జవదాటకు. జోవాంథిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఏది విషమున్నదో చూసి చెప్పలేం. కోసేటప్పుడు చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాలి. జోవాంథిడ్లు ఉన్న రాయి మీద వేడినీళ్లు పొయ్యకు, ఉడికించకు, గట్టి బ్రష్షుతో తోమకు. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కుటుంబం తొట్టె శుభ్రం చేస్తూ ఈ విషం గాలికి ఆస్పత్రి పాలైంది. సాయానికి వెళ్లిన ఫైర్ సిబ్బందికీ వైద్యం చెయ్యాల్సి వచ్చింది. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు. వంటింటి కత్తి, వంటింటి సింకు ఈ పనికి వాడకు.

అంటించిన ముక్కలు కొన్నాళ్లు ముడుచుకుని ఉంటాయి. వెలుతురు చాలలేదేమోనని పైకి, ఒరవడి ఎక్కువైందేమోనని కిందికి రోజుకోసారి మార్చకు. మొదట్లో అడుగున, మధ్యస్థ వెలుతురులో ఉంచు. రకానికీ రకానికీ మధ్య జానెడు ఎడం విడిచిపెట్టు, పక్కనే ఉంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పెద్ద నత్తలుంటే పగడాలు పట్టు దొరకబుచ్చుకునేదాకా వేరే తొట్టెలో ఉంచు. తోసుకుంటూ పోయేవి అవే. జిగురు అంచు దాటి పగడం పాదం రాతి మీదికి పాకిన రోజున ఫొటో తీసి పంపు. రెండో రకం ఏది కొనాలో అప్పుడు చెబుతాను.

ఉత్తరం చదివిన వెంటనే ఆ రామేశ్వరం బేరగాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు. అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోతే పోయింది. మీ అమ్మనీ, నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య