ఉగ్రవాదం – ఇరుగుపొరుగు దేశాల దౌత్యం

పొరుగు రాజుతో మెలగవలసిన తీరును ప్రాచీన రాజనీతిజ్ఞులు సంధి, విగ్రహం, యానం, ఆసనం, సంశ్రయం, ద్వైధీభావం అనే షడ్గుణాలుగా చెప్పారు. వీటన్నిటికీ మూలం ఒక్కటే: ఎదుటివాడెవరో తెలిసి ఉండటం. భారతంలో రాయబారాలు విఫలమయ్యాయి గాని, ఎవరి మాటను ఎవరు మోసుకువచ్చారన్న సందేహం కలగలేదు. ఉగ్రవాదం ఈ మూలాన్నే పెకలించింది. దాడి చేసినవాని చేతిలో రాజముద్రిక ఉండదు. కనుక అతనికి తావిచ్చిన రాజ్యం తనకు సంబంధం లేదని తప్పుకోగలదు.

భారత్, పాకిస్తాన్‌ల చరిత్రే ఇందుకు ప్రబల నిదర్శనం. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరగగా, భారత్ ఇస్లామాబాదులోని తన హైకమిషనరును వెనుకకు పిలిపించింది. 2002 జనవరి 1 నుండి సంఝౌతా ఎక్స్‌ప్రెస్, ఢిల్లీ–లాహోర్ బస్సు నిలిచిపోయాయి. సరిహద్దుకు ఇరువైపులా బంధువులున్న సామాన్యులకు దారి మూసుకుపోయింది. విచిత్రమేమంటే, సైన్యాలు ఎదురెదురుగా మోహరించి ఉన్న ఆ జనవరి 1వ తేదీనే రెండు దేశాలూ, 1988 నాటి ఒప్పందం ప్రకారం, తమ అణుకేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకున్నాయి!

2004లో తిరిగి మొదలైన సమగ్ర చర్చలను 2008 నవంబరు 26 నాటి ముంబయి దాడి తుంచివేసింది. 2015 డిసెంబరు 25న ప్రధాని నరేంద్ర మోదీ లాహోర్‌లో దిగి నవాజ్ షరీఫ్‌ను కలుసుకున్నారు. విదేశాంగ కార్యదర్శుల సమావేశానికి రంగం సిద్ధమైంది. ఎనిమిది రోజులు గడిచాయో లేదో, పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడి జరిగింది; సమావేశం వాయిదా పడింది. చర్చలలో పీట లేనివాడే చర్చల గతిని నిర్ణయించాడు.

1960లో కుదిరిన సింధు జలాల ఒప్పందం 1965, 1971 యుద్ధాలను తట్టుకుని నిలిచింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు తెలుగువారితో సహా 26 మందిని కాల్చి చంపిన మరునాడే, ఆ ఒప్పందం అమలును నిలిపివేస్తున్నట్లు భారత్ ప్రకటించింది. రెండు యుద్ధాలు చేయలేని పనిని కొందరు సాయుధులు చేశారు.

అయితే ఉగ్రవాది ఆశించినట్లే ప్రతిసారీ జరగలేదు. 2007 ఫిబ్రవరి 18 రాత్రి పానిపట్టు సమీపంలో సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో బాంబులు పేలి 68 మంది మరణించారు. వారిలో అధికులు పాకిస్తానీయులు. అయినా పాకిస్తాన్ విదేశాంగమంత్రి ఖుర్షీద్ మహమూద్ కసూరి తన పర్యటనను రద్దు చేసుకోక ఢిల్లీకి వచ్చారు. ఫిబ్రవరి 21న, అణ్వాయుధ ప్రమాదాల ముప్పును తగ్గించే ఒప్పందంపై ఉభయ దేశాలూ సంతకాలు చేశాయి.