రెండు పలకల కుర్చీ

పిల్లలూ! సెలవులలో స్కౌట్లతో కలిసి అడవిలో గుడారం వేసుకొని ఉన్నారా? పగలంతా ఆటపాటలతో గడిచిపోతుంది. సాయంకాలం కూర్చోవడానికి చోటు వెతుక్కునేటప్పుడే చిక్కు వస్తుంది. మలేసియా అడవిలో వాన లేని రోజున కూడా నేల తడిగానే ఉంటుంది. రాలిన ఆకుల క్రింద చీమలు, జలగలు ఉంటాయి. గంటసేపు నేల మీద కూర్చుంటే బట్టలు తడిసి, నడుము నొప్పి పుట్టి, ఇల్లు గుర్తుకు వస్తుంది.

తెలుగు పల్లెలలో రైతు జొన్నచేలో పిట్టలను తోలడానికి మంచె కట్టుకుంటాడు. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరుస్తాడు. కాని రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కర్ర కొట్టకూడదు గదా! అందుచేత మనం కుర్చీని ఇంటి దగ్గరే చేసుకొని, విడదీసి తీసుకొని పోదాం. దీనికి మేకు ఒక్కటి కూడా అక్కరలేదు.

రెండు పలకలు కావాలి. ఒక్కొక్కటి 90 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం ఉండాలి. మీ తాతలు పాలు తీసిన రబ్బరు చెట్లు ఉన్నాయే, వాటి చెక్క నునుపుగా, చూడముచ్చటగా ఉంటుంది. అయితే తడికి దానికి బూజు పడుతుంది, పురుగు కూడా తొలుస్తుంది. అడవికి మెరంతి చెక్క మేలు.

మొదటి పలక వీపుకు. దాని క్రింది అంచు నుండి 20 సెంటీమీటర్లు కొలిచి, అడ్డంగా ఒక బెజ్జం గీయండి. బెజ్జం వెడల్పు 15, ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు. ఆ చోట ముడి ఉన్న పలక పనికిరాదు, పగులుతుంది. మూలలలో బరమాతో రంధ్రాలు చేసి, మిగిలినది ఉలితో తొలచాలి. ఈ పని పెద్దవారు దగ్గర ఉన్నప్పుడే చేయండి.

రెండవ పలక కూర్చోవడానికి. ముందు 40 సెంటీమీటర్లు అట్లాగే ఉంచి, మిగిలిన 50 సెంటీమీటర్ల మేర రెండు ప్రక్కలా ఐదున్నర సెంటీమీటర్ల చొప్పున రంపంతో కోసివేయండి. 14 సెంటీమీటర్ల వెడల్పు గల తోక మిగులుతుంది. కోసిన చోట రెండు భుజాలు ఏర్పడతాయి. అంచులన్నీ ఉప్పు కాగితంతో రుద్దండి. లేకపోతే పేడు గుచ్చుకుంటుంది.

పలక మందం మూడే అయినప్పుడు బెజ్జం ఎత్తు మూడున్నర ఎందుకు? తడి తగిలితే చెక్క మందంలోను, వెడల్పులోను ఉబ్బుతుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. బెజ్జం బిగుతుగా చేస్తే, అడవిలో ఉబ్బిన తోక తిరిగి ఊడి రాదు.

ఇప్పుడు తోకను ముందువైపు నుండి బెజ్జంలోకి దూర్చి, దాని కొన వెనుక నేలను తాకేటట్లు నిలబెట్టండి. ప్రక్క నుండి చూస్తే గుణకారపు గుర్తులా కనిపిస్తుంది. మీరు కూర్చోగానే వీపు పలక వెనక్కు వాలబోతుంది. బెజ్జపు అంచులు తోకను పట్టుకొని దానిని ఆపుతాయి. భుజాలు అడ్డుపడటం వల్ల పీట వెనక్కు జారదు. కూర్చున్నవారి బరువే కుర్చీని బిగించే మేకు అన్నమాట! ముందు అంచున మాత్రం కూర్చోకండి. కుర్చీ ముందుకు తిరగబడుతుంది.

మొదట మీరు ఎక్కకండి. బియ్యం బస్తా పెట్టి, బెజ్జం దగ్గర పగులు కనిపిస్తుందేమో చూడండి. అడవిలో నేల మెత్తగా ఉంటే తోక కొన క్రింద చదునైన రాయి పెట్టండి. ఒక్కొక్క పలక మూడు నాలుగు కిలోలు తూగుతుంది. కనుక దూరం నడవవలసి ఉంటే ఇద్దరు చెరొకటి మోయాలి.

కొత్త మాటలు: మంచె – చేలో కావలికి కట్టిన ఎత్తైన అరుగు, బరమా – చెక్కకు రంధ్రం చేసే పనిముట్టు, పేడు – చెక్క నుండి లేచిన సన్నని ముక్క.

చేసి చూడండి: దళసరి అట్టతో పదవ వంతు కొలతలలో ఈ కుర్చీ చేయండి. తోకను 5 సెంటీమీటర్లకు బదులు 3 సెంటీమీటర్లు చేస్తే కుర్చీ ఎటు పడుతుంది? ఎందుకు?