శుద్ధ గణితమా, అనువర్తిత గణితమా?



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి ఇంజనీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్‌లో చేరిన విద్యార్థులు ఐచ్ఛిక గణితాన్ని ఎంచుకునేటప్పుడు ఉద్యోగానికి ఏది ఉపకరిస్తుందనే ముందుగా విచారిస్తారు. అయితే శుద్ధ, అనువర్తిత గణిత శాఖలు ఎటువంటి ప్రశ్నలను పరిష్కరిస్తాయో గ్రహించిన తరువాతనే ఆ విచారణకు అర్థం ఏర్పడుతుంది.

ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి పింజ పొడవు, తేమ శాతం, క్వింటాలు ధర నమోదై ఉంటే, వాటి నుంచి కొత్త సరుకు ధరను అంచనా కట్టడం అనువర్తిత గణితం పని. అంచనా ధరకూ అసలు ధరకూ గల తేడాలను వర్గం చేసి, ఆ వర్గాల మొత్తం అత్యల్పమయ్యే సూత్రాన్ని ఎన్నుకోవడాన్ని కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఎమ్మిగనూరులోని మగ్గం మరొక రకం ప్రశ్నకు తావిస్తుంది. పడుగు పోగు పేక పోగుకు పైన ఉన్నచోట ఒకటి, కింద ఉన్నచోట సున్నా వేస్తే నేత ఒక పట్టిక అవుతుంది. ఆ పట్టిక ప్రకారం నేసినది ఒకే గుడ్డగా నిలుస్తుందా, విడివిడి పొరలుగా ఊడిపోతుందా? అడ్డు, నిలువు వరుసల్లోని ఒకట్లను లెక్కించి దీనిని తేల్చవచ్చని 1980లో గణితజ్ఞుడు సి.ఆర్.జె. క్లాపమ్ నిరూపించారు. ఏ నేతకైనా తప్పక వర్తించే ఇటువంటి నిరూపణే శుద్ధ గణితం లక్ష్యం. ప్రోగ్రామ్ ప్రతి సందర్భంలోనూ సరైన ఫలితమే ఇస్తుందని రుజువు చేసేందుకు కావలసిన తర్కం కూడా ఇదే.

ఈ రెండు శాఖలూ ఒకే పనిలో కలవడమూ ఉంది. ఆదోని వలెనే నాడు బళ్లారి జిల్లాలో భాగమైన హడగలిలో 1920లో జన్మించిన సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఆ పిమ్మట కలకత్తాలో సాంఖ్యక శాస్త్రం అభ్యసించారు. నిష్పాక్షికమైన అంచనాలో అనివార్యంగా మిగిలే ఊగిసలాటకు కనిష్ఠ హద్దును చూపిన ఆయన 1945 నాటి పత్రమే, వక్రతలాలను వర్ణించే అవకలన జ్యామితిని సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని కొలిచేందుకు వినియోగించింది. ఆ కొలత నేడు యంత్ర అభ్యసనంలోనూ వాడుకలో ఉంది.

కాబట్టి రేఖీయ బీజగణితం, సంభావ్యత అందరికీ అవసరమే. ఆపైన డేటా సైన్స్ వైపు మొగ్గేవారికి ఆప్టిమైజేషన్, సమాచార గోప్యత వైపు మొగ్గేవారికి సంఖ్యా సిద్ధాంతం తగినవి. 1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ గుప్తలిపి విధానం ప్రధాన సంఖ్యల ధర్మాలపైనే ఆధారపడింది. ఒక్కదానికే అవకాశం ఉన్నప్పుడు శుద్ధ గణితమే మేలు, ఎందుకంటే అనువర్తిత పద్ధతులను ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు గాని, నిరూపణలోని లోపాన్ని ఎత్తిచూపి దిద్దే గురువు అక్కడ దొరకడం అరుదు. కానీ అది సిద్ధాంతాలను కంఠస్థం చేయించడంతో సరిపెట్టే తరగతి అయితే, లెక్కను స్వయంగా చేయించే అనువర్తిత తరగతినే ఎంచుకోవడం వివేకం.