ఉపాధ్యాయ వృత్తియు శాసనములును

మన పిల్లలకు తెలుగు బోధించువారికి ఏ యర్హతలుండవలెనో శాసనము నిర్ణయించుట సమంజసమా? ఈ ప్రశ్న ఉపాధ్యాయులమైన మా నడుమ తరచు చర్చకు వచ్చుచున్నది. బిడ్డలను మాకప్పగించిన తల్లిదండ్రులకును ఈ విషయము తెలిసియుండుట యావశ్యకము.

రాజ్యాంగము 30వ అధికరణమున భాషాల్పసంఖ్యాకులకు విద్యాలయములను స్థాపించి నిర్వహించుకొను హక్కును ప్రసాదించినది. అయితే ఆ హక్కులో దుర్నిర్వహణకు చోటు లేదని 1958లో కేరళ విద్యా బిల్లుపై అభిప్రాయము తెలుపుచు సుప్రీంకోర్టు స్పష్టపరచెను. కావున ఉపాధ్యాయుని యోగ్యతను ప్రభుత్వము విచారించినంత మాత్రమున మన హక్కునకు భంగము కలుగునని మేము తలంపము.

2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010లో అర్హతా పరీక్షను విధించెను. 150 మార్కులకు 90 వచ్చిననే ఉత్తీర్ణత. కొన్ని వర్గములకు సడలింపు నిచ్చుటకు ప్రభుత్వములకు వీలు కల్పించిరి. అల్పసంఖ్యాక పాఠశాలలకు ఈ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరు 1 నాటి తీర్పులో, ఇతర పాఠశాలలలో అయిదేండ్లకు మించి ఉద్యోగకాలము మిగిలినవారు రెండేండ్లలో పరీక్ష నెగ్గవలెనని నిర్ణయించి, మన వంటి పాఠశాలల ప్రశ్నను విస్తృత ధర్మాసనము పరిశీలించుటకై ప్రధాన న్యాయమూర్తికి నివేదించిరి.

దీనిపై ఉపాధ్యాయులలో రెండభిప్రాయములు కలవు. పరీక్ష లేనిచో అనర్హులు ప్రవేశించి పసివారికి నష్టము కలిగింతురని కొందరందురు. నియామకము నాటి నిబంధనల ప్రకారము చేరి, ఇరువదేండ్లు పాఠము చెప్పినవారిని మరల పరీక్షకు కూర్చుండబెట్టుట న్యాయము కాదని మరికొందరందురు.

రెంటను సత్యము గలదు. విషయజ్ఞానమును, శిశు మనస్తత్త్వ పరిచయమును పరీక్ష కొంతవరకు కొలువగలదు. ఇంట తెలుగు మాటాడుచు, వీధిలో తమిళము మాటాడుచు, అక్షరము లెరుగక వచ్చిన బిడ్డకు ఓనమాలు దిద్దించు ఓర్పును మాత్రము కొలువజాలదు.

మాకు తోచు ముఖ్యాంశము వేరొకటి. అర్హతను కోరు ప్రభుత్వము ఆ యర్హతను సంపాదించు మార్గమును గూడ చూపవలెను. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు విధించుచున్నది. తెలుగులో శిక్షణ పొందినవారు కరవైనచో, ఒక పండితుడు పదవీ విరమణ చేసిన నాడే ఆ తరగతి మూతపడును. అప్పుడు రాజ్యాంగము నొసగిన హక్కు కాగితముననే నిలుచును.

కావున తల్లిదండ్రులారా! మీ బిడ్డకు తెలుగు చెప్పువారెవరో, వారు పొందిన శిక్షణ యేమో విచారింపుడు. అట్లు విచారించుట మాకు అవమానము కాదు. భాషయందు మక్కువ గల బిడ్డ మీ యింట నున్నచో, ఉపాధ్యాయ శిక్షణకు పంప వెనుదీయకుడు. రేపటి తెలుగు తరగతి వారిపైననే ఆధారపడియున్నది.