ముత్తాత ఊరు వెతికిపెట్టే కొలువు

‘వంశచరిత్ర పరిశోధకులు కావలెను’ అనే ప్రకటన మన పేపర్లలో కనపడదు. ఆ పేరుతో సర్కారు పోస్టూ లేదు. కానీ ఆ పనితో అవసరం పడినవాళ్లు చాలామంది ఉన్నారు, చేసిపెట్టగలవాళ్లే తక్కువ. జంషెడ్‌పూర్‌లో సిద్ధగోరాలోనో కదమాలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఈ పనికి అక్కరకొచ్చే సగం సరుకు ఇంట్లోనే పెట్టుకుని, దాన్ని చదువుగా లెక్కెయ్యడం లేదు.

ముందు గిరాకీ ఎక్కడుందో చూద్దాం. భారత మూలాలున్న మారిషస్ వాసులకు ఏడో తరం దాకా ఓసీఐ (ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రకటించారు. అంతకుముందు ఏడాది సురినామ్‌కు, 2025లో ట్రినిడాడ్‌కు ఆరో తరం దాకా అవకాశం ఇచ్చారు. మారిషస్‌లో తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఓడలెక్కి వెళ్లిన కూలీల రికార్డులు అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అయితే ఆనాటి గుమస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్న ఊరిపేరు విజయనగరం పక్కదో, టెక్కలి పక్కదో తేల్చాలంటే ఇటువైపు మనిషి కావాలి.

అంత దూరం వద్దనుకుంటే బ్యాంకులకు రండి. ఎవరూ అడగని పాత డిపాజిట్లను వెతుక్కోవడానికి రిజర్వ్ బ్యాంక్ 2023లో ఉద్గమ్ పోర్టల్ తెరిచింది. పేరు దొరికాక, ఆ మనిషికి తామే వారసులమని కుటుంబం రుజువు చేసుకోవాలి. ఆ కాగితాల కోసం లాయర్ల దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఇక జార్ఖండ్‌లో కులధ్రువీకరణకో స్థానికతకో తిరిగినవాళ్లకు చెప్పేదేముంది! 1932 నాటి ఖతియాన్‌ను, అంటే భూమి రికార్డును, స్థానికతకు ఆధారం చేస్తూ 2022 నవంబరులో అసెంబ్లీ బిల్లు ఆమోదించినప్పటి నుంచి, తాతల కాగితం ఎంత బరువైందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు పని సంగతి. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టింది, 1912లో సాక్చిలో ఉక్కు తీశారు, 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలకు తొలి ఆధారం కంపెనీ కాగితమే. తాతగారి పర్సనల్ నంబరు, నియామకపత్రం, పీఎఫ్ చీటీ, ఏది దొరికినా పారేయకండి. వాటిమీద స్వగ్రామం, తాలూకా, జిల్లా రాసి ఉండే అవకాశం ఎక్కువ.

ఆ జిల్లా దగ్గరే కొత్తవాళ్లు తప్పటడుగు వేస్తారు. పార్వతీపురాన్నే తీసుకోండి. 1950 దాకా విశాఖపట్నం జిల్లా, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి మన్యం. ఊరు కదల్లేదు, కాగితం మాత్రం నాలుగు కలెక్టరేట్ల పేర్లు మోసింది. టెక్కలిదైతే ఇంకో కథ: 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది గంజాం జిల్లా. కాగితంలో ‘గంజాం’ అని చూసి బరంపురం బస్సెక్కితే చార్జీలు దండగ.

ఉత్తరాంధ్రలో ఇంకో చిక్కు జమీందారీలది. విజయనగరం, బొబ్బిలి లాంటి సంస్థానాల కింద ఉన్న ఊళ్లలో రైతు పేరుతో సర్కారు రికార్డు సక్రమంగా మొదలైంది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంట్‌లోనే. అందుకే ఆ సెటిల్‌మెంట్‌లో తయారైన భూమి రికార్డు, ఫెయిర్ అడంగల్, అక్కడ మొదటి గట్టి మెట్టు. అంతకు వెనక్కి వెళ్లాలంటే ఎస్టేటు కాగితాలు, మద్రాసు ఎగ్మోరులోని ఆర్కైవ్స్, లేదంటే గయ పండాల బహీలు. పిండప్రదానానికి వెళ్లిన యాత్రికుల పేర్లు, తండ్రితాతల పేర్లు ఊళ్లవారీగా రాసి పెట్టుకున్న పుస్తకాలవి. మనకు గయ పెద్ద దూరమూ కాదు.

దొరికిన కాగితాన్ని చదవడం మరో ఎత్తు. కరణాలు రాసింది గొలుసుకట్టు రాత, అక్షరానికీ అక్షరానికీ సందు ఉండదు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం పదవులు పోయాయి. ఆ రాతను గడగడా చదివే తరం ఇప్పుడు ముసలిది. ఇటు బిహార్, జార్ఖండ్ పాత భూమి కాగితాల్లో కైథీ లిపి ఎదురవుతుంది. భూసర్వే మొదలుపెట్టాక బిహార్ ప్రభుత్వం తన సిబ్బందికే కైథీ నేర్పించాల్సి వచ్చింది. గొలుసుకట్టు, కైథీ రెండూ చదవగల మనుషులు ఎంతమంది ఉంటారు? వీధిలో హిందీ, బెంగాలీ, ఇంట్లో తెలుగు మాట్లాడే జంషెడ్‌పూర్ కుర్రాడికి అది అందని పండేం కాదు. అడ్డంకల్లా ఒకటే, మనవాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఓ వేసవి సెలవులు అచ్చు తెలుగుకు ఇవ్వండి, గొలుసుకట్టు తర్వాత పట్టుబడుతుంది.

డీఎన్ఏ పరీక్ష సంగతేమిటని అడుగుతారు. చిన్న గొట్టంలో ఉమ్మి పంపితే ముత్తాత ఊరు చెబుతారనుకోవద్దు. ఊరూ చెప్పదు, ఇంటిపేరూ చెప్పదు. ఇద్దరు మనుషులు ఎంత దగ్గరివాళ్లో అంచనా కడుతుంది, అంతే. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున పన్నెండున్నర శాతం డీఎన్ఏ ఉమ్మడిగా ఉంటుంది. మన ఇళ్లలో తరతరాల మేనరికాలు ఉంటే ఆ లెక్క పెరిగిపోయి, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. అమెరికా కంపెనీ చార్టు చూసి ‘సెకండ్ కజిన్’ అని చెప్పేసేవాడికి కాదు, మేనరికం ఉందా అని ముందు అడిగేవాడికే ఈ పని అప్పగించాలి.

డీఎన్ఏలో అసలు ఉద్యోగాలు ఆరోగ్యం వైపు, నేరపరిశోధన వైపు ఉన్నాయి. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని జన్యులోపాలు ఎందుకు పేరుకుంటాయో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాల సడలింపుకిచ్చే ఒక మందు ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాదు. దాని వెనకున్న జన్యుమార్పు సంగతి 2017లో వచ్చిన పరిశోధనలోనూ ఉంది. ఆపరేషన్‌కు ముందు ‘మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా?’ అని అడిగి, కుటుంబవృక్షం గీయడం జెనెటిక్ కౌన్సిలర్ పని. బయాలజీ డిగ్రీ తర్వాత మణిపాల్‌లో ఎమ్మెస్సీ జెనెటిక్ కౌన్సెలింగ్ ఉంది. నేరపరిశోధన ఇష్టమైతే గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. హిస్టరీ వాళ్లకు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడాది డిప్లొమా. సిద్ధగోరా క్యాంపస్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి వెళ్లే అమ్మాయిలు సైన్సయినా హిస్టరీయైనా ఏదో ఒక దారిన ఇందులోకి రావచ్చు.

నా సలహా అడిగితే మొదటి రోజే ఉద్యోగం మానేసి బోర్డు కట్టొద్దు. లాయరు దగ్గరో, ఆర్కైవ్స్‌లోనో పని చేస్తూ పక్కన మొదలుపెట్టండి. ఫీజు వెతికినందుకు తీసుకోండి, దొరికినందుకు కాదు. దొరికితేనే డబ్బు అన్నారంటే, లేని ముత్తాతను పుట్టించాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. డీఎన్ఏ ఫలితాలు చేతికొస్తే రాతపూర్వక అంగీకారం లేకుండా ఇంకొకరికి చూపొద్దు. 2023లో ట్వంటీత్రీ అండ్ మీ అనే అమెరికా డీఎన్ఏ పరీక్షల సంస్థ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఉమ్మి ఇచ్చినవాళ్లు తమ వివరాలు ఎవరి చేతికి పోతాయోనని హడలిపోయారు.

తొలి ప్రయోగం మీ ఇంటిమీదే చేయండి. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు తహసీల్దారు కార్యాలయంలో మీ సర్వే నంబరు ఫెయిర్ అడంగల్‌కు సర్టిఫైడ్ కాపీ అడగండి. నంబరు తెలియకపోతే ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల పోర్టల్ మీభూమిలో ఖాతా వివరాలు చూసుకుని బయలుదేరండి, దరఖాస్తులో ఊరిపేరుతో పాటు పాత తాలూకా పేరూ రాయండి.